వినేవాడి ప్రశ్న

మన సంఘంలో పెద్దవారొకరు, నేనెంతో గౌరవించేవారు, యీమధ్య నన్ను నిలవేసి మందలించారు. "తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పేవాడివి, ఆదివారం పూట నలుగుర్ని చుట్టూ కూర్చోబెట్టుకుని రాక్షసులనీ మాంత్రికులనీ పాచికలు వేయిస్తున్నావటగదా! పుల్లలచెరువులో చెప్పడానికి వేరే కథలే కరువయ్యాయా?" అన్నారు. ఆ మాటలో వెటకారం కొంత, బాధ కొంత వున్నాయి. వెటకారానికి నవ్వి వూరుకోవచ్చు. బాధకు మాత్రం జవాబు చెప్పుకోక తప్పదు. ఎందుకంటే ఆయన అడిగింది నా ఒక్కడి కాలక్షేపాన్ని గురించి కాదు. కల్పన ఎవరి పక్షాన నిలబడుతుందనే ప్రశ్న 1943లో మన సంఘం పుట్టిన నాటినుంచీ మన వెంటే వస్తోంది.

అద్భుతరసమంటే పలాయనమేనని ఒకేమాటలో తేల్చేసేవారికి ముందుగా ఒక చిన్న విషయం గుర్తు చేస్తాను. మన అభ్యుదయ విమర్శకులలో అందరికన్నా పదునైన హేతువాది కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేవరకూ చేసిన వుద్యోగం "చందమామ" సంపాదకత్వం. భేతాళుడు, విక్రమార్కుడు, దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లోని మాంత్రికులు, భల్లూకాలు, రాకాసిలోయలు, యివన్నీ ఆయన బల్ల మీదుగానే అచ్చుకు వెళ్ళాయి. పగలు మాంత్రికుడూ రాత్రి మార్క్సిజమూ అని ఆయన జీవితాన్ని రెండు ముక్కలు చేస్తే అది విమర్శ కాదు, గుమాస్తాపని. పిల్లవాడికి "ఇట్లా కాకపోతే ఇంకెట్లా వుండవచ్చు?" అనే ఆలోచన అలవాటు చేయడం కూడా ఆయన పనిలో భాగమేనని నేననుకుంటాను. కనుక కల్పన కాబట్టి తిరోగమనం అనే వాదాన్ని ఇక్కడితో వదిలేద్దాం. యే కల్పన, ఎవరు చేసింది, ఎవరి చేతిలో వుంది, యివీ అడగవలసిన ప్రశ్నలు.

తెలియనివారికోసం ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపేవారు; ఇంగ్లీషులో డంజన్ మాస్టర్ అంటారు, మేము సూత్రధారి అని పిలుచుకున్నాం. మిగిలినవారు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. సూత్రధారి సన్నివేశం చెబుతాడు: మీరు కొండచరియ దగ్గర వున్నారు, గుహలోంచి పొగ వస్తోంది, యేం చేస్తారు? పాత్రధారులు తాము చేసేది చెబుతారు. అది నెగ్గుతుందో లేదో సందేహమైనచోట పాచిక వేస్తారు. ఇరవై ముఖాల పాచిక యీ ఆటకు గుర్తు. మాకది దొరకక హౌసీ ఆటలోని బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై వరకూ ఏరి, స్టీలు చెంబులో వేసి, చూడకుండా తీసేవాళ్ళం. పటం గీసుకోవడానికి మార్కాపురం పలక, బలపం. గెలుపు ఓటములు లేవు. ఆట ఆరు నెలలు నడవవచ్చు, ఆరేళ్ళు నడవవచ్చు. చివరికి చేతిలో మిగిలే గ్రంథమంటూ యేదీ వుండదు. ఇది విమర్శకుడికి పెద్ద చిక్కు. చదివి తీర్పు చెప్పడానికి పాఠం లేదు. బల్ల దగ్గర కూర్చోనివాడికి దీన్ని గురించి మాట్లాడే అధికారం చాలా తక్కువ. యీ వ్యాసంలో "నేను" అనే మాట ఎక్కువగా దొర్లడానికి కారణం అదే.

దీని పుట్టుక విచిత్రమైనది. ప్రష్యా సైన్యాధికారులకు యుద్ధతంత్రం నేర్పడానికి రైస్‌విట్జ్ అనే అధికారి 1824లో ఒక ఆట తయారుచేశాడు. పటమూ, పాచికలూ, తీర్పు చెప్పే మధ్యవర్తీ అప్పుడే వచ్చాయి. 1913లో ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్, సోషలిస్టు, యుద్ధాన్ని అసహ్యించుకునేవాడు, నేలమీద సీసపు సిపాయిలతో ఆడే ఆటకు నియమాలు రాసి ప్రచురించాడు. నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ పనో యీ బొమ్మయుద్ధం చూస్తే తెలుస్తుందని ఆయన వాదన. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1969లో అమెరికాలో మిన్నెసోటాకు చెందిన డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఒక కొత్త పని చేశాడు. ఆటగాళ్ళకు పటాలాలు ఇవ్వకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషిని ఇచ్చాడు: ఒకడు మేయరు, ఒకడు విశ్వవిద్యాలయాధికారి, యీ తీరున. ఆ మిత్రబృందంలోనివాడే డేవ్ ఆర్నెసన్. లాటిన్ అమెరికా చిన్నదేశమొకటి రంగస్థలంగా ఆడినప్పుడు ఆర్నెసన్ విప్లవ విద్యార్థి పాత్ర వేసి, కత్తీ తుపాకీ పట్టకుండా, హెలికాప్టరులోంచి కరపత్రాలు వెదజల్లి అందర్నీ ముప్పుతిప్పలు పెట్టాడని ఆడినవాళ్ళు చెప్పుకుంటారు. ఆ ఆర్నెసన్, విస్కాన్సిన్‌లో వుండే గేరీ గైగాక్స్ కలిసి 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే పేరుతో మూడు చిన్నపుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి అమ్మారు. గైగాక్స్ అంతకుముందు భీమా కంపెనీలో పనిచేసి, ఆ వుద్యోగం పోయాక చెప్పులు బాగుచేసి కుటుంబాన్ని నెట్టుకొచ్చినవాడు.

చెప్పులు కుట్టిన చెయ్యే రాసింది గదా, ఆ పుస్తకంలో ఎవరి లోకం వుంటుందని ఆశిస్తాం? కాని రచయిత వర్గం వేరు, రచన వర్గం వేరు అనడానికి ఇంతకన్నా మంచి వుదాహరణ నాకు దొరకలేదు. ఆ తొలి నియమాల ప్రకారం పాత్రకు అనుభవం ఎట్లా వస్తుంది? రాక్షసుణ్ణి చంపితే కొంత వస్తుంది. గుహలోంచి బంగారం మోసుకొస్తే అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఒక బంగారు నాణెం ఒక అనుభవ పాయింటు. మనిషి యేం నేర్చుకున్నాడనేది అతను యేం దోచుకొచ్చాడనే దాన్నిబట్టి లెక్క! అనుభవం పెరిగినకొద్దీ పాత్ర మెట్టుమెట్టుగా పైకి వెళుతుంది. తొమ్మిదో మెట్టు చేరిన యోధుడు ప్రభువవుతాడు. కోట కట్టుకుంటాడు. చుట్టూ వున్న జనం దగ్గర తలకు సంవత్సరానికి పది బంగారు నాణేలు శిస్తు వసూలు చేసుకుంటాడు. అంటే కత్తి పట్టుకుని బయల్దేరిన పేదవాడి స్వప్నానికి చివరి గమ్యం జమీందారీ అన్నమాట. మధ్యయుగపు బట్టలు తొడిగినా యిది అమెరికా చిన్నవ్యాపారి కల. పెట్టుబడికి మొదట్లో ఆ మూలధనం ఎక్కడినుంచి వచ్చిందనే ప్రశ్నకు మన రాజకీయార్థశాస్త్రం పెద్ద గ్రంథం రాసి జవాబు చెప్పింది. యీ ఆట ఒక్క పట్టికలో తేల్చేసింది. తరవాతి ముద్రణల్లో యీ నియమం మారిందనీ, నేడు ఆడేవాళ్ళలో చాలామందికి బంగారం లెక్కే లేదనీ నాకు తెలుసు. కాని పునాది ఎట్లా వేశారో చూడకుండా గోడలకు వేసిన రంగు మాట్లాడుకోవడం మన పద్ధతి కాదు.

ఇక రెండో పునాది, ఇంకా చెడ్డది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, మా బల్ల దగ్గరే తెలుసుకున్నాను.

2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి మావూరి పిల్లలు చాలామంది ల్యాప్‌టాపులు చంకనబెట్టుకుని తిరిగొచ్చారు. మా చరిత్ర మాస్టారి తమ్ముడు వాళ్ళలో ఒకడు. అతను యీ ఆటను వెంట తెచ్చాడు. మొదట్లో అతనే సూత్రధారి. ఆడేవాళ్ళం నేనూ, ఇంటరు చదివే మా మేనకోడలూ, బస్టాండు దగ్గర మిషను పెట్టుకున్న దర్జీ ఒకాయనా, కరెంటు పనిచేసే యువకుడొకడూ. యీ యువకుడు ఎరుకల కుటుంబంవాడు. ఒకప్పుడు నా విద్యార్థి. మొదటి కథ పుస్తకంలో వున్నదే: గుహలో గాబ్లిన్లనే మరుగుజ్జు జాతి కాపురముంటోంది, వాళ్ళను చంపి సొమ్ము తెచ్చుకోవాలి. గుహ నోటిదగ్గర నిలబడ్డాం. మా దర్జీ కత్తి దూశాడు. నేను మంత్రం సిద్ధం చేసుకున్నాను. ఆ యువకుడు మాత్రం బిళ్ళ తీయకుండా చెంబు పక్కన పెట్టి, "సార్, వాళ్ళేం జేసినారు?" అన్నాడు.

సూత్రధారి పుస్తకం చూసి చెప్పాడు: "యేం చెయ్యనక్కర్లేదన్నా. అది దుష్టజాతి. పుట్టుకే అంత."

అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత మామూలు గొంతుతో, "మా జేజినాయన పేరు గూడా ఇట్టనే స్టేషన్లో రాసిపెట్టినారంట" అన్నాడు.

1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా విస్తరించారు. ఎరుకలవారు ఆ చట్టం కింద పడ్డ జాతుల్లో ముఖ్యులు. పుట్టిన ప్రతి బిడ్డా పుట్టుకతో నేరస్థుడే. వేలిముద్రలు, హాజరు పుస్తకాలు, వూరు దాటాలంటే చీటీ. స్టూవర్టుపురం ఎట్లా వెలిసిందో మన జిల్లాల్లో తెలియనివారు లేరు. చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. మాట మాత్రం రద్దు కాలేదు. ఇటు చూస్తే 1977లో అచ్చయిన రాక్షసజాతుల పుస్తకంలో ఆర్క్ అనే జాతి పేరు ఎదుట నైతికస్వభావమని ఒక గడి వుంది. అందులో "దుష్టం" అని రాసివుంది. ఒక్కొక్క ఆర్క్ యేం చేశాడన్న గడి లేదు. హాజరు పుస్తకంలోనూ వుండేది కాదు. యీ రెండు పట్టికలూ రాసినవారికి ఒకరితో ఒకరికి పరిచయం లేదు, మధ్య నూరేళ్ళ దూరం. అయినా రెండింటి ఆలోచనా ఒకటే: కొల్లగొట్టదలచుకున్నవాడు ముందుగా ఎదుటివాడి పుట్టుకను తప్పుగా నమోదు చేసుకుంటాడు. లేకపోతే రాత్రి నిద్రపట్టదు.

యీ విమర్శ బయటి దేశాల్లో కూడా చాలాకాలంగా నడుస్తోంది. 2024లో వచ్చిన కొత్త ముద్రణలో "రేస్" అనే పదాన్నే తీసివేసి "స్పీషీస్" అని పెట్టారు. మంచిదే. కాని మాట మార్చిన కంపెనీ గొప్పదనంకన్నా, చెంబు పక్కన పెట్టిన మనిషి ప్రశ్నే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఇక్కడే యీ కళారూపపు అసలు ప్రత్యేకత వుంది. అదే కథను నవలగా చదివివుంటే అతను పుస్తకం మూసి పక్కన పెట్టేవాడు, గుహలోనివాళ్ళు చచ్చేవాళ్ళే. సినిమాగా చూసివుంటే లేచి బయటికి వచ్చేవాడు, తెరమీద చచ్చేవాళ్ళే. ఇక్కడ ప్రశ్న అడిగేసరికి కథ ఆగిపోయింది. ఆ రోజు మేము గుహలోకి వెళ్ళాం గాని, కత్తులు వొరలోనే వున్నాయి. వాళ్ళు చలికి పొగ వేసుకున్నారని తెలిసింది. అంతకుమించి ఆ రోజు యేమీ జరగలేదు. నేను చూసిన మంచి కథల్లో అదొకటి.

వినేవాడు ప్రశ్న అడగడం మనకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు "కాశీమజిలీ కథలు" పన్నెండు భాగాలూ నిలబడింది అటువంటి ప్రశ్నమీదే. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుగా పశువులు కాసే కుర్రవాణ్ణి తీసుకుంటాడు. కుర్రవాడు పెట్టిన షరతు ఒక్కటే: మజిలీలో తాను చూసివచ్చిన వింతను గురించి అడిగితే కథ చెప్పాలి. చదువుకున్నవాడు చెప్పేవాడు, చదువులేనివాడు అడిగేవాడు. ఎంత గొప్ప యేర్పాటు! కాని ఆ కుర్రవాడికి అడిగే హక్కు వుందే గాని మార్చే హక్కు లేదు. కథ యతి నోట్లోంచి సంపూర్ణంగా వస్తుంది, అతను వూకొట్టి మూట నెత్తినపెట్టుకుని మళ్ళీ నడుస్తాడు. 1951లో "పాతాళ భైరవి" ఆ కథల దారిలోనే వచ్చింది. అక్కడ తోటరాముడు ప్రాణాలకు తెగించి సాధించేది రాజుగారి అల్లరికాన్నే గదా, రాజ్యవ్యవస్థ చెక్కుచెదరదు. తొమ్మిదో మెట్టూ అదే!

బుర్రకథ యింకో అడుగు ముందుకు వేసింది. కథకుడికి అటొకరూ ఇటొకరూ వంతలుంటారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుడు పౌరుషంగా సాగిపోతుంటే రాజకీయంవాడు అడ్డుపడి, ఇప్పటి ధరల సంగతో, కరువు సంగతో ఎత్తుతాడు. 1943 తరవాత ప్రజానాట్యమండలి యీ రూపాన్ని చేపట్టడం, నాజర్ గొంతులో అది వూరూరా మోగడం మనకు తెలిసిన చరిత్రే. ఆ అడ్డుపడే హక్కు మాత్రం దళంలోని మనిషికే వుంది. ముందు కూర్చున్న రైతుకూలీ లేచి "బాలచంద్రుణ్ణి యుద్ధానికి పంపొద్దు, కోడిపందెం దగ్గరికే మళ్ళీ పోదాం" అంటే కథకుడు యేం చేస్తాడు? నవ్వించి కూర్చోబెడతాడు. కారెంపూడి మాకు దూరమేమీ కాదు. పల్నాటి కథలో నాగమ్మ కోడి గెలిచి మాచర్లవారు ఏడేళ్ళు వూరు విడిచిపోవడం విన్నప్పుడల్లా చిన్నప్పుడు నాకు ఆ పందెం ఆపాలనే అనిపించేది. ఆపడానికి వీలున్న కథ యీ వయసులో దొరికింది.

కాని వీలున్నంతమాత్రాన సూత్రధారి దాన్ని ఆపనిస్తాడని నమ్మకం లేదు. ఇక్కడ నా ఆత్మవిమర్శ వుంది.

2021లో సాఫ్ట్‌వేరు తమ్ముడు హైదరాబాదు వెళ్ళిపోయాక సూత్రధారి పని నామీద పడింది. విదేశీ సరుకు వద్దు, మన నేలమీద మన కథ నడుపుదామనుకున్నాను. వేసవి సెలవుల్లో నోటుపుస్తకం నిండా రాసుకున్నాను. నల్లమల అంచున ఒక జమీందారు, అడవి పన్ను, పుల్ల ఏరుకున్నవాడికి కొరడాదెబ్బలు, మూడో ఆదివారానికి తిరుగుబాటు, ఐదో ఆదివారానికి కోట పతనం. నా దృష్టిలో అది నిర్దుష్టమైన అభ్యుదయ కథ. పేర్లన్నీ తెలుగువే. మూడో ఆదివారం వచ్చింది. తిరుగుబాటుకు రంగం సిద్ధం చేసి, యేం చేస్తారని అడిగాను. మా దర్జీ తాపీగా, "మాస్టారూ, జమీందారు సిపాయిలకు వుడుపులు ఎవరు కుడతన్నారు?" అన్నాడు. నా నోటుపుస్తకంలో ఆ సంగతి లేదు. "ఎవరో కుడతారులేవయ్యా" అన్నాను. "ఆ బేరం నేను తీసుకుంటా. బయానా తీసుకుని కొలతలు తప్పుగా పెడతా. కాజాలు గూడా కుట్టను. పండగనాటికి సైన్యం బయటికి రాలేదు గదా" అన్నాడు.

నేను వొప్పుకోలేదు. అది వీరోచితంగా లేదనిపించింది. నియమాలు అడ్డం పెట్టి, పాచికలు అడ్డం పెట్టి, అతన్ని లాక్కొచ్చి కోట గోడముందు నిలబెట్టి జెండా పట్టించాను. కోట పడింది. ఎవరూ సంతోషించలేదు. సామాన్లు సర్దుతూ మా మేనకోడలు, "మామయ్యా, ఇది ఆట కాదు, నీ పాఠం. మేము హాజరు పలికినాం, అంతే" అంది.

ఆ రాత్రి ఆలోచిస్తే అర్థమైంది. శ్రమచేసేవాడికి యజమాని ఎక్కడ ఆధారపడి వున్నాడో తెలుసు. దర్జీ తన సూదిని ఆయుధం చేసుకున్నాడు. నేను పుస్తకాల్లో చదివిన ఆయుధం అతని చేతిలో పెట్టాను. అతనిది వర్గానుభవం, నాది వర్గపోరాటం మీద వ్యాసం. మనలో చాలామంది రాసిన కథల్లో కూలీలు చివరిపేజీలో పిడికిళ్ళు బిగించి నిలబడడానికి కారణం యీ తొందరే. ఆ కథల్ని నేను క్లాసులో మెచ్చుకుంటూ చెప్పాను. ఇకముందు చెప్పినప్పుడు నా గొంతు అంత గట్టిగా రాదు.

బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ యీ చిక్కును రంగస్థలంమీద ఎదుర్కొన్నాడు. చూసేవాడు లేచి వచ్చి పాత్ర తీసుకుని కథను మార్చవచ్చునన్నాడు. అణగారినవారి నాటకరంగమని పేరుపెట్టాడు. ప్రేక్షకుడు తనకు బదులు ఆలోచించే అధికారాన్ని నటుడికి వొప్పగించకూడదనేది ఆయన మూలసూత్రం. బోల్ 1970ల్లో దక్షిణ అమెరికాలో సాధించినది, అదే సంవత్సరాల్లో ఉత్తర అమెరికాలో నేలమాళిగల్లో బొమ్మసిపాయిలతో ఆడుకునే కుర్రవాళ్ళు తెలియకుండా కనిపెట్టారు. ఒకరికి రాజకీయం వుంది, మరొకరికి లేదు. రూపం మాత్రం దగ్గరిది. రూపం తనంత తాను విప్లవకరం కాదనడానికి యిది రుజువు. పనికిమాలినది కాదనడానికీ యిదే రుజువు.

మన పేర్లు పెట్టినంతమాత్రాన మనదవుతుందనే భ్రమ గురించి కూడా ఒకమాట. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా భాషల ఆచార్యుడు ఎం.ఎ.ఆర్. బార్కర్, వుర్దూ, బలూచీ భాషల్లో పండితుడు, 1975లో ఒక అద్భుతలోకాన్ని ఆటగా ప్రచురించాడు. యూరప్ రాజులూ కోటలూ లేని లోకం. భారతదేశపు, ప్రాచీన అమెరికాల వాసనలున్న లోకం. దశాబ్దాలపాటు అందరూ దాని వైవిధ్యాన్ని మెచ్చుకున్నారు. ఆ పెద్దమనిషి 1991లో మారుపేరుతో నాజీ అనుకూల నవల రాశాడన్న సంగతి 2022లో ఆయన రచనల్ని చూసుకునే సంస్థే వొప్పుకుంది. వేషభాషలు తూర్పువైతే ఆలోచన ప్రజాస్వామికమవుతుందా? నా జమీందారు కథలో చెంచులు వున్నారు. యేం చేశారు? దారి చూపించారు. మూడు ఆదివారాల్లో వాళ్ళకు నేనిచ్చిన మాటలు "ఇటు దొరా, అటు దొరా" మాత్రమే. బార్కర్‌ను తప్పుపట్టే ముందు నేను నా నోటుపుస్తకం తెరిచి చూసుకోవలసి వచ్చింది.

యాజమాన్యం సంగతి రెండుమాటల్లో ముగిస్తాను, ఎందుకంటే అది మనకు తెలిసిన కథే. ఆర్నెసన్ తన వాటాకోసం 1979లో కంపెనీమీద దావా వేయవలసి వచ్చింది. 1985లో గైగాక్స్ చేతిలోంచే కంపెనీ జారిపోయింది. 1997లో అది మరో కంపెనీకీ, 1999లో ఆ కంపెనీ బొమ్మలు చేసే హాస్‌బ్రోకూ పోయింది. 2000లో ఎవరైనా యీ నియమాలతో సొంత రచనలు చేసుకోవచ్చునని అనుమతిపత్రం ఇచ్చారు. 2023 జనవరిలో దాన్ని బిగించబోయారు. ఆడేవాళ్ళు తిరగబడి చందాలు మానేస్తే నెల తిరగకుండా వెనక్కి తగ్గి మూలనియమాలను ఉమ్మడి హక్కుల కిందికి వదిలేశారు. కథను ఆడేవాళ్ళు కల్పిస్తారు, కంపెనీ పట్టికలు అమ్ముకుంటుంది. హౌసీ బిళ్ళలూ చెంబూ వున్నవాడికి ఆ పట్టికల అవసరం కూడా అంతగా లేదని మా అనుభవం.

ఇప్పుడు నడుస్తున్న కథకు వస్తాను. జమీందారు దెబ్బ తిన్నాక నోటుపుస్తకం మానేశాను. "యేం కథ కావాలి?" అని వాళ్ళనే అడిగాను. మా మేనకోడలు పలకమీద ఒక కొండ గీసి, కొండలోంచి రెండు గీతలు లాగింది. మా ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. వెలిగొండ సొరంగాలవి. శ్రీశైలం నీళ్ళను నల్లమల కిందుగా పశ్చిమ ప్రకాశానికి తేవాలని 1996లో శంకుస్థాపన చేశారు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. ఒక్కొక్క సొరంగం 18 కిలోమీటర్ల పైమాట. 2024 మార్చిలో జాతికి అంకితం చేసేనాటికి 28 ఏళ్ళు గడిచాయి, పొలాలకు చుక్క రాలేదు. యీలోగా బోర్లు వందల అడుగులు దిగాయి. ఫ్లోరైడు నీళ్ళకు పళ్ళు గారపట్టాయి. మిరపకోతల కాలం వస్తే సగం వూళ్ళకు తాళాలే. త్రిపురాంతకం కొండకింద శ్రీశైలందాకా సొరంగముందని మా పెద్దలు చెప్పుకునే కథ ఎటూ వుంది. ఆ పాత సొరంగమూ యీ కొత్త సొరంగమూ పలకమీద కలిసిపోయాయి.

ఏడు ఆదివారాలు నడిచారు. ఎనిమిదో ఆదివారం సొరంగం చివర చెరువు, దానికి కాపలాగా యక్షుడు. భారతంలోలాగా ప్రశ్నలు అడగాలని నేను సిద్ధపడ్డాను. జవాబు చెప్పకుండా నీళ్ళు తాగినవాడు పడిపోవాలి గదా. నేను నోరు తెరిచేలోగా మా కరెంటు పనిచేసే యువకుడు, "నిన్నీడ కాపలా ఎవరు బెట్టినారు? నెలకెంతిస్తన్నారు?" అన్నాడు యక్షుణ్ణి.

నా దగ్గర జవాబు లేదు. అయిదు నిమిషాలు ఆట ఆపి టీ తెప్పించాను. వేలయేళ్ళుగా యక్షుడు ప్రశ్నించేవాడే గాని ప్రశ్నకు గురైనవాడు కాడు. టీ తాగుతూ ఆలోచిస్తే, పాపం, అతనికి జీతం ఎవరిస్తారు? చివరికి యక్షుడి గొంతుతో, "పెట్టినవాళ్ళు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి ఎవరూ రాలేదు" అని చెప్పాను. చెంబులో చెయ్యి పెట్టవలసిన అవసరమే రాలేదు. యక్షుడు గద కింద పెట్టి వాళ్ళ వెంట నడిచాడు.

పోరాటం తప్పిపోయినందుకు మా పెద్దమిత్రులు నన్ను రాజీవాది అంటారేమో. నిజమైన రగడ ఆ తరవాతే మొదలైంది. తూము దగ్గర కాలవ రెండుగా చీలుతుంది. నీళ్ళు తక్కువ. ముందు ఎవరికి? ఎగువ వూళ్ళకా, చివరి తండాలకా? మా దర్జీ తన సొంత వూరి పక్షాన మాట్లాడాడు, అదీ గట్టిగా. మా మేనకోడలు, తాగడానికి ముందు ఎవరికైనా ఇవ్వాలి, పైరుకు తరవాత, అంది. ఆ యువకుడు, "చివర్న వున్నోడికి ముందియ్యకపోతే ఎప్పటికీ రావు" అన్నాడు. రెండు గంటలు అరుచుకున్నారు. ఒకరినొకరు పాత్రల పేర్లతో పిలుచుకోవడం మరిచిపోయి సొంత పేర్లతో పిలుచుకున్నారు. నన్ను తీర్పు చెప్పమన్నారు. చెప్పనన్నాను. పాచిక వేద్దామా అని దర్జీ అంటే మిగతా ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

దీనివల్ల మా వూరికి నీళ్ళు వచ్చాయా అని అడిగితే, లేదు. ఆ సాయంత్రం కూడా మా వీధిలో ట్యాంకరుకోసం బిందెలు వరసలోనే వున్నాయి. ఆట ముగిశాక మా దర్జీ వెళ్ళి ఆ వరసలోనే నిలబడ్డాడు. యీ ఆట కడుపుమంటను చల్లార్చే మత్తుమందు అవుతుందేమోనన్న అనుమానం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాని మత్తులో వున్నవాళ్ళు తూము దగ్గర అంతసేపు అరుచుకోరు.

పలక మా ఇంట్లో అలమరమీద వుంది. రెండు కాలవల గీతలూ అట్లాగే వున్నాయి. కింద మా మేనకోడలు "చెరపవద్దు" అని బలపంతో రాసిపోయింది. వచ్చే ఆదివారం యక్షుణ్ణి కూడా మాట్లాడనివ్వాలని దర్జీ అంటున్నాడు. చెరువు లోతు అతనికొక్కడికే తెలుసట.